తెలుగునాట రైతు ఉద్యమములు – ఆహార సార్వభౌమత్వము

ఏ పంట వేయవలెనో, ఏ విత్తనము చల్లవలెనో, పండినదానిలో ఎంత గాదెకు చేర్చి ఎంత అంగడికి పంపవలెనో నిర్ణయించు అధికారము పండించువారికిని తినువారికిని ఉండవలెనే గాని, ప్రభుత్వమునకు గాని భూస్వామికి గాని దూరదేశపు వర్తక సంస్థలకు గాని ఉండరాదను సిద్ధాంతము ఆహార సార్వభౌమత్వమని వ్యవహరింపబడుచున్నది. 1996వ సంవత్సరము నవంబరు నెలలో రోము నగరమున ప్రపంచ ఆహార శిఖరాగ్ర సమావేశము జరిగినప్పుడు లా వియా కంపెసీనా అను అంతర్జాతీయ రైతు సంఘటన దీనిని లోకము ముందుంచెను. ప్రజలకు చాలినంత తిండి దొరికిన చాలునని ప్రభుత్వములు తృప్తిపడుచుండగా, ఆ తిండి ఎవరి చేతిమీదుగా, ఎవరి షరతులపైన వచ్చుచున్నదని అడుగుటయే ఈ వాదమునందలి విశేషము. తెలుగు జిల్లాలలో ఈ ప్రశ్న ఆ సమావేశమునకు ఎంతో పూర్వమే కల్లములయందు పుట్టినది. మన రైతు ఉద్యమముల చరిత్రను శిస్తుల చరిత్రగను భూమి పంపకపు చరిత్రగను వ్రాయుట వాడుక. అది నిజమే యైనను, నూర్చిన గింజలరాశి మీద మొదటి చెయ్యి ఎవరిదను తగవు ఆ ఉద్యమములన్నిటి అడుగునను కానవచ్చుచునే యుండును.

కరువులు, శిస్తులు

నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు మండలమును పీడించిన కరువును జనులు డొక్కల కరువని చెప్పుకొనిరి. సుమారు 5 లక్షల జనసంఖ్యలో లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు నశించిరని అంచనా. వానలు లేకపోవుట నిజమే. కాని అంతకుముందే జమీందారీ వసూళ్లు రైతుల గాదెలను ఊడ్చివేసియుండుటచేత ఒక్క యేటి అనావృష్టికి కూడ తట్టుకొను శక్తి ఆ పల్లెలకు లేకపోయెను. 1876-78 సంవత్సరములలో వచ్చిన ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప మండలములను పాడుచేసినప్పుడు, స్వేచ్ఛావాణిజ్యమున ప్రభుత్వము జోక్యము చేసికొనరాదను నియమము చెక్కుచెదరలేదు. ఈ దేశపు రేవులనుండి ధాన్యము ఎగుమతియగుచునే యుండెను. కరువు పనులలో మన్ను మోయు కూలికి రోజుకొక పౌను ధాన్యమును, స్వల్పముగా రొక్కమును చాలునని ప్రభుత్వపు కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. ఒక పౌనన్నది అరకిలోకు తక్కువ. దేశమున గింజలు లేక జనులు చచ్చిరనుటకంటె, ఉన్న గింజలపై వారికి అధికారము లేక చచ్చిరనుట సత్యమునకు దగ్గరగా నుండును.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిమ్మట డెల్టా మాగాణమైనది. నీటితో పాటు శిస్తు కూడ పెరిగెను. 1921-22లో గుంటూరు మండలములోని పెదనందిపాడు ప్రాంతపు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున పన్నుల నిరాకరణోద్యమమును నడిపిరి. అదే కాలమున పల్నాటిలో, తరతరములుగా తమ పశువులు మేసిన అడవికే పుల్లరి కట్టుమనగా కట్టమనిన గ్రామములకు నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడునొద్ద పోలీసు కాల్పులకు బలియయ్యెను. పశువు మేత లేనిదే సేద్యము లేదు, సేద్యము లేనిదే కూడు లేదు. పల్నాటి పోరును కేవలము అటవీ సత్యాగ్రహమని తీసివేయక తిండికొరకు జరిగిన పోరుల వరుసలో చేర్చుట న్యాయము. 1920 దశాబ్ది చివర గోదావరీ కృష్ణా మండలములలో రీసెటిల్మెంటు పేరిట శిస్తును నూటికి 18¾ వంతున పెంచదలచినప్పుడు డెల్టా అంతటను సభలు జరిగెను.

రైతు సంఘముల స్థాపన

ఈ అలజడులు సంఘరూపమును దాల్చుట 1928వ సంవత్సరమున ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘ స్థాపనతో జరిగినది. దీనికి మూలపురుషులలో ముఖ్యుడు గుంటూరు మండలములోని నిడుబ్రోలు గ్రామవాసి ఆచార్య ఎన్.జి. రంగా. ఆయన 1933లో నిడుబ్రోలునందే రైతాంగ విద్యాలయమును నెలకొల్పి, పల్లెటూరి యువకులకు అర్థశాస్త్రమును, చట్టములను, ఉపన్యాస కళను నేర్పించెను. 1936 ఏప్రిల్‌లో లక్నో నగరమున అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడుగను, రంగా ప్రధాన కార్యదర్శిగను ఎన్నుకొనబడిరి.

1802 శాశ్వత పరిష్కారమువలన జమీందారు ప్రభుత్వమునకు చెల్లింపవలసిన పేష్కషు మాత్రమే స్థిరమైనది. రైతు జమీందారునకు చెల్లింపవలసినదానికి మేర లేకపోయెను. పంటను పాలుపంచుకొను వారపు పద్ధతి నడచిన చోట్ల జమీందారుని మనుష్యులు వచ్చి రాశిని కొలుచువరకు రైతు తాను పండించిన ధాన్యమును కల్లమునుండి కదల్చరాదు. వెంకటగిరి జమీనులో 1931లో రైతుల ఆందోళనము ప్రబలెను. ఆ ప్రాంతపు రైతుల గోడును వినిపించుటకే నెల్లూరినుండి ‘జమీన్ రైతు’ వారపత్రిక వెలువడినది. కాళీపట్నము, మునగాల, చల్లపల్లి జమీనులలో పోరాటములు సాగినవి. శ్రీకాకుళపు సీమలోని మందసా జమీనులో, అడవినుండి కట్టెలు తెచ్చుకొన్న రైతులను పట్టుకొనిపోవుచుండగా అడ్డువచ్చిన సాసుమాన గున్నమ్మ అను స్త్రీ 1940 ఏప్రిల్ 1వ తేదీన పోలీసు గుండ్లకు కూలిపోయెను. నేటికిని ఆ ప్రాంతమువారు ఆమెను వీరగున్నమ్మ యని స్మరించుచున్నారు.

1937-38లో జరిగిన రైతు యాత్రను ఇచ్చట ప్రత్యేకముగా పేర్కొనవలెను. రైతులు ఉత్తరమున ఇచ్ఛాపురమునందు బయలుదేరి, 130 దినములు 1,500 మైళ్లు నడచి, దారిపొడవునను వందలకొలది సభలు జరిపి, ఊరూరను సేకరించిన 1,100కు పైబడిన విన్నపములను 1938 మార్చి 27వ తేదీన చెన్నపట్టణమున శాసనసభకు సమర్పించిరి. టంగుటూరి ప్రకాశము అధ్యక్షతన ఏర్పడిన జమీందారీ విచారణ సంఘము భూమి రైతుదేయని అదే సంవత్సరమున తీర్మానించెను. చట్టరూపమున జమీందారీ రద్దగుటకు 1948 వరకు ఆగవలసివచ్చినది.

ఈ సంఘములయందలి లోపమును కూడ చెప్పుట ధర్మము. వానిలో మాట చెల్లినది ఎక్కువగా సొంతభూమి గల రైతుది. పాలేరు, నాటు వేసి కలుపు తీసి కోత కోసిన కూలి స్త్రీ, పంటలో గింజయే కూలిగా పొందువారు, వీరి మాట ఆ తీర్మానములలో అరుదు. 1930 దశాబ్ది నడుమ పుచ్చలపల్లి సుందరయ్య మొదలగువారు వ్యవసాయ కార్మికులకు వేరుగా సంఘములు పెట్టుటకు కారణము ఇదియే. గింజపై హక్కు అనునప్పుడు ఎవరి హక్కు అను ప్రశ్న అప్పుడే లేచినది, నేటికిని తీరలేదు.

తెలంగాణము: లెవీ ధాన్యము

నిజాము రాజ్యములో భూమిలో దాదాపు నూటికి అరువది వంతులు ప్రభుత్వము నేరుగా శిస్తు తీసికొను దివానీ, మిగిలినది జాగీర్దారుల జాగీర్లును నిజాము సొంతభూమియైన సర్ఫేఖాసును. దివానీ యైనను జాగీరైనను ఊళ్లలో దేశ్‌ముఖులది, పటేలు పట్వారీలది రాజ్యము. విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డి క్రింద 40,000 ఎకరములును, సూర్యాపేట తాలూకాలోని జన్నారెడ్డి ప్రతాపరెడ్డి క్రింద లక్షన్నర ఎకరములును ఉండెనని ఉద్యమ నాయకులు వ్రాసిరి. గడీలలో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ యనక అందరును వెట్టి చేయవలెను. వానకాలమున తినుటకు గింజలు లేని రైతు దొరవద్ద నాగుకు తెచ్చుకొన్నచో, పంట నూర్చిన పిదప ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇయ్యవలెను. ఆ విధముగా కల్లమునుండి ఇంటికి రాకముందే రాశిలో పెద్దభాగము తరలిపోవుచుండెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున దీనిపై లెవీ వచ్చిపడెను. పట్టణములకును సైన్యమునకును ధాన్యము కావలసి, ప్రభుత్వము ఎకరమునకింతయని నిర్ణయించి బలవంతముగా వసూలుచేయ నారంభించినది. పండినను పండకున్నను ఇయ్యవలసినదే. పట్టికలు వ్రాయువాడు పట్వారీ. పట్వారీ దొర మనిషి. అందుచేత వేల ఎకరముల దేశ్‌ముఖు లెవీ తప్పించుకొని ధాన్యమును దాచి నల్లబజారున అమ్ముకొనుచుండగా, నాలుగెకరముల రైతు తన పిల్లల కూటిగింజలు కొలిచి ఇచ్చి, చాలకున్న అంగడిలో కొని మరియు ఇయ్యవలసివచ్చెను. భూమి కంటె, వెట్టి కంటె కూడ ముందుగా తెలంగాణపు చిన్నరైతును సంఘమువైపు త్రిప్పినది ఈ లెవీ యని చెప్పిన తప్పు కాదు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ తరువాత సభ్యత్వ రుసుము అణాకు తగ్గగా, జనులు సంఘమని పిలిచిన ఆ సభ పల్లెపల్లెకును ప్రాకెను. గుత్పలు పట్టి కాపుగాయువారుండుటచేత దానిని గుత్పల సంఘమనిరి.

జనగామ తాలూకా పాలకుర్తికి చెందిన చాకలి ఐలమ్మ కథ ఈ తగవును దగ్గరనుండి చూపును. ఆమె మల్లంపల్లి భూస్వామివద్ద భూమి కౌలుకు తీసికొని సేద్యము చేయుచు సంఘములో చేరెను. వెట్టికులమని ఎంచబడిన చాకలి యింటి ఆడది స్వంతముగా వ్యవసాయము చేసి గింజలు ఇంటికి తెచ్చుకొనుట విసునూరు దేశ్‌ముఖునకు సహింపరానిదయ్యెను. ఆమె కుటుంబమువారిపై కేసులు పెట్టించెను. పంట పక్వమునకు వచ్చినప్పుడు గూండాలను కూలీలను పంపి కోయించుకొనిపోవ ప్రయత్నించెను. సంఘ కార్యకర్తలు కర్రలతో వచ్చి వారిని తరిమి, తామే కోసి, కట్టలు మోసి, నూర్చి, ధాన్యమును ఐలమ్మ ఇంటికి చేర్చిరి. ఆనాడు ఆమె ఇల్లు చేరినవి కొలది పుట్ల గింజలే. కాని దొర పంపిన మనుష్యులు వట్టిచేతులతో తిరిగిపోయిరను మాట చుట్టుపట్ల గ్రామములకు ప్రాకి, కౌలుదారులకును వెట్టివారికిని కొండంత ధైర్యమునిచ్చినది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో సంఘము ఊరేగింపుపై గడీనుండి కాల్పులు జరుగగా దొడ్డి కొమరయ్య మరణించెను. ఆ మరణముతో ఉద్యమము నల్లగొండ, వరంగల్లు, ఖమ్మము ప్రాంతములంతటను వ్యాపించినది.

1947 సెప్టెంబరు 11వ తేదీన రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీనులు సాయుధపోరాటమునకు పిలుపునిచ్చిరి. సుమారు 3,000 గ్రామములలో గ్రామ కమిటీలు పాలనము నడిపి, పది లక్షల ఎకరములు పంచెననియు, నాలుగువేలమంది ప్రాణములర్పించిరనియు ఆ పోరు నడిపినవారి లెక్క. భూస్వామికి ఉండదగిన గరిష్ఠ పరిమితిని మొదట 500 ఎకరములని, పిదప 200 అని, ఆపైన 100 అని తగ్గించుచు వచ్చిరి. గ్రామ కమిటీలు మొట్టమొదట చేసిన పనులలో దొరల కొట్లలోని ధాన్యమును తీసి పంచుట యొకటి. వెట్టి పోయినది, కూలి పెరిగినది, లెవీ ఆగినది. 1948 సెప్టెంబరులో భారత సైన్యములు ప్రవేశించిన తరువాత కూడ సాగిన ఆ పోరు 1951 అక్టోబరు 21వ తేదీన విరమింపబడెను. ఈలోగా 1949లో జాగీర్ల రద్దును, 1950లో కౌలుదారీ చట్టమును, 1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో వినోబాభావే భూదానోద్యమ ప్రారంభమును జరిగినవి. చట్టములు వచ్చినను పట్టాలు లభింపని కౌలుదారులే అనేకులు. 1973 భూపరిమితి చట్టము కూడ కుటుంబసభ్యుల పేరిట విభజించుకొన్న భూములముందు చాలవరకు నిష్ఫలమైనది.

వరి రాజ్యము

1960 దశాబ్ది మొదట పశ్చిమ గోదావరి జిల్లా విత్తనము, ఎరువు, అప్పు కలిపి అందించు ప్యాకేజీ పథకమునకు ఎన్నుకొనబడినది. ఐ.ఆర్.8 వరిని ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు పండించి చూపినది ఆ దశాబ్దిలోనే. నాగార్జునసాగరము నీరు వచ్చెను. మారుటేరులో పుట్టిన స్వర్ణ, బాపట్లలో పుట్టిన సాంబమసూరి దేశమంతట పండింపబడుచున్నవి. ఆకలి తగ్గించిన ఈ కృషిని తేలికచేయుట కృతఘ్నత. పైగా ఇవి ప్రభుత్వ పరిశోధన కేంద్రములు ఇచ్చిన విత్తనములు. రైతు ఒకసారి తెచ్చుకొని మరుసటి పంటకు తన గింజలనే చల్లుకొనగలిగెను. విత్తనము చేయిదాటిపోవలేదు.

మెట్టభూముల సంగతి వేరు. వరికి నీరు, ఎరువు, అప్పు, మద్దతు ధర, కొనుగోలు కేంద్రము అన్నియు ఉండగా, జొన్నకును కొర్రకును రాగికిని వానిలో పెద్దగా ఏదియు అందలేదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యము పథకము పేదల పొయ్యిలో నిప్పు వెలిగించినది. అందుకు దానిని ఎంత కొనియాడినను తగును. అయినను మెట్టప్రాంతమునకు డెల్టా బియ్యమును తెచ్చిపోయుటచేత, జొన్న పండించినవానికి జొన్న పండింపవలసిన అవసరమే లేకపోయెను. చెలకలు పడావుపడెను, రొట్టె తిను కుటుంబము రేషను దుకాణము ముందు నిలువవలసివచ్చెను.

జహీరాబాదు సంఘములు

దీనికి సమాధానము పూర్వపు మెదకు జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమున కనబడినది. 1983లో పస్తాపూరు కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది, పి.వి. సతీశ్ దానికి దీర్ఘకాలము సారథ్యము వహించెను. దాని బలమంతయు ఊళ్లలోని దళిత స్త్రీల సంఘములలో నున్నది. ఎఱ్ఱని గరపనేలలు, వానపైననే ఆధారము. ఆ స్త్రీలలో కొందరు భూమిని సమష్టిగా కౌలుకు తీసికొని, కొందరు ప్రభుత్వ పథకములద్వారా కొనుక్కొని, పచ్చజొన్న, కొర్ర, సామ, కంది, పెసర, అవిసె, కుసుమ మొదలగువానిని ఒకే చేనిలో కలిపి వేయు పాతపద్ధతిని నిలువబెట్టిరి. వాన ముందు వచ్చినను వెనుక వచ్చినను వానిలో ఏదో యొకటి చేతికి వచ్చును. చేని గట్టున తనంతట మొలిచిన తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి ఏ లెక్కలలోను చేరవు. వానకాలపు ఇంటికూర మాత్రము వానితోనే గడచును.

1990 దశాబ్ది నడుమ వారు నడిపిన ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ పద్ధతి విశేషముగా గమనింపదగినది. సుమారు ముప్పది గ్రామములలో 2,500 ఎకరములకు పైగా పడావు భూములను సాగులోనికి తెచ్చుటకు చిన్నరైతులకు అప్పు నిచ్చిరి. రైతు ఆ అప్పును రొక్కముగా గాక, అయిదేండ్లపాటు జొన్నలుగా కొలిచి ఊరి నిధికి తీర్చవలెను. ఆ జొన్నలు ఊరిలోనే నిలువచేయబడి, తిండికి ఇబ్బందియగు వానకాలపు నెలలలో పేదలకు తక్కువ ధరకు ఇయ్యబడెను. పేదలెవరో నిర్ణయించినది మండల కార్యాలయము కాదు. ఊరివారందరును కూర్చుండి బహిరంగముగా చర్చించి తేల్చిరి. పొలము, కల్లము, గిడ్డంగి, దుకాణము నాలుగును ఒకే ఊరి పొలిమేరలోపల ఉండి నాలుగింటికిని ఆడువారే పెత్తనదారులైన పంపిణీ మరియొకటి ఈ దేశమున అరుదు.

విత్తనముల సంగతి కూడ అట్టిదే. ఎన్నిన కంకులను ఎండబెట్టి, బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో పోసి, మూతికి మట్టి మెత్తి దాచుదురు. విత్తనములు లేనివారు సంఘమువద్ద అడిగి తెచ్చుకొని, పంట వచ్చినపిదప తెచ్చినదానికంటె ఎక్కువ కొలిచి తిరిగి ఇత్తురు, అమ్మకమన్నది లేదు. ఏటేట సంక్రాంతి నాడు మొదలై నెలరోజులు బండ్లపై ఊరూరు తిరుగు పాతపంటల జాతర ఆ విత్తనముల ఉత్సవము. 2008 అక్టోబరు 15వ తేదీన మాచనూరులో వారు సంఘం రేడియోను ఆరంభించిరి. 2001లో అల్గోలు గ్రామమున జరిగిన ‘ప్రజాతీర్పు’లో చిన్నరైతులు, ముఖ్యముగా స్త్రీలు, న్యాయనిర్ణేతలుగా కూర్చుండి, రాష్ట్ర ప్రభుత్వపు విజన్ 2020 పత్రమును విచారించిరి. భూమిమీద ఆధారపడిన జనమును తగ్గించుటను, జన్యుమార్పిడి పంటలను వారు నిరాకరించి, తమ ఊరి విత్తనమును తమ తిండిని తమ చేతియందే ఉంచవలెనని తీర్పు చెప్పిరి. ఈ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమతి లభించినది.

దేశాంతరములతో సంబంధము

లా వియా కంపెసీనా 1993లో బెల్జియం దేశములోని మోన్స్ నగరమున స్థాపింపబడినది. మన పొరుగున కర్ణాటక రాజ్య రైతు సంఘము, ప్రొఫెసర్ ఎం.డి. నంజుండస్వామి నాయకత్వమున, ప్రపంచ వాణిజ్య ఒప్పందమునకై ప్రతిపాదింపబడిన డంకెల్ ముసాయిదాను ఎదిరించుచు 1992 డిసెంబరులో బెంగుళూరునందలి కార్గిల్ విత్తన సంస్థ కార్యాలయముపై దండెత్తి, పిదప ఈ అంతర్జాతీయ సంఘటనలో ప్రముఖస్థానము వహించినది. 2007లో మాలీ దేశమున జరిగిన న్యేలేనీ సమావేశము ఆహార సార్వభౌమత్వమును వివరముగా నిర్వచించెను. 2018 డిసెంబరు 17వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 121 అనుకూల, 8 ప్రతికూల ఓట్లతో రైతుల హక్కుల ప్రకటనను ఆమోదించినది. దాని 15వ అధికరణము ఆహార సార్వభౌమత్వమును పేరెత్తి గుర్తించినది. భారతదేశము ఆ ప్రకటనకు అనుకూలముగా ఓటు వేసినది.

పత్తి, పంట విరామము, కౌలు

పత్తి కథ దుఃఖకరము. 1987-88లో ప్రకాశము, గుంటూరు జిల్లాలలోను, 1997-98లో వరంగల్లులోను పురుగుపట్టి పంటపోయి అప్పులపాలైన రైతులు పురుగుమందే త్రాగి ప్రాణములు విడిచిరి. 2002లో బి.టి. పత్తికి అనుమతి లభించిన పిదప 450 గ్రాముల విత్తన పొట్లము 1,600 రూపాయలకు పైబడినది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తాధిపత్య విచారణ సంఘమునెదుట వ్యాజ్యము నడిపి, దానిని 750 రూపాయలకు తగ్గించినది. ఒక రాష్ట్ర ప్రభుత్వము విత్తన ధరపై ఒక మహాసంస్థతో తలపడి గెలిచిన ఆ ఉదాహరణము స్మరణీయము. కాని ఏటేట విత్తనము కొనక తప్పని స్థితి మాత్రము మారలేదు.

2011 ఖరీఫున కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి దాదాపు లక్ష ఎకరములను బీడుంచిరి. అన్నపూర్ణయని పేరుపొందిన నేల నాటు వేయక నిలుచుట అంతకుముందు వినని సంగతి. గిట్టని ధర, నిండిపోయిన గిడ్డంగులు, పొంగి పొలములను ముంచు మురుగు కాలువలు దానికి కారణములు. ఆ విరామమువలన కూలి కోల్పోయిన స్త్రీపురుషుల గోడును పత్రికలు అంతగా పట్టించుకొనలేదు.

నేడు తెలుగునాట వరిలోను పత్తిలోను మిరపలోను పెద్దభాగము కౌలుదారులు పండించుచున్నదే. 2011లో ఆంధ్రప్రదేశ్ చట్టము వారికి ఋణార్హత కార్డులు ఇయ్యజూచినది. 2019 చట్టము సాగుదారు హక్కు పత్రమును ప్రవేశపెట్టినది గాని, దానికి భూయజమాని సంతకము కావలెను; సంతకము చేసిన భూమి పోవునను భయమున యజమానులు అనేకులు నిరాకరింతురు. తెలంగాణమున 2018లో ఆరంభమైన రైతుబంధు పథకము ఎకరమునకు పంటకు 4,000 రూపాయలను పట్టాదారునకే ఇచ్చినది. ఐలమ్మ కూడ కౌలుదారే. పొలములో ఉన్నవారి పేర్లను ఊరూరను వ్రాసికొని, యజమాని సంతకముతో నిమిత్తము లేకయే వారికి అప్పును, బీమాను, పంట కొనుగోలును అందించుట ఉభయ రాష్ట్ర ప్రభుత్వములు ఇంకను ఆలస్యము చేయదగని పని.